ఆర్కేడ్ క్యాబినెట్‌లో మానిటర్, దాని ముందు అద్దం బిగించడం ఎలా

చెక్క పనంతా అయిపోయి, రంగులు కూడా వేశాక మానిటర్ తెచ్చుకుని, దాన్ని లోపల ఎలా ఇరికించాలా అని చూసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇంట్లో సొంతంగా ఆర్కేడ్ క్యాబినెట్, అంటే వీడియో గేమ్ షాపుల్లో ఉండే ఆట మిషన్ పెట్టె, చేసుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఒకటే. మానిటర్ ముందు కొనండి, పలకలు తర్వాత కోయించండి. రెండో మాట ఇంకా ముఖ్యం. బిగించే ప్రతి ముక్కా మళ్ళీ ఊడదీయడానికి వీలుగా ఉండాలి. ప్లైవుడ్ ఇరవై ఏళ్ళు ఉంటుంది, మానిటర్ అన్నేళ్ళు ఉండదు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా మొదటి క్యాబినెట్‌లో తెర ముందు అద్దంగా అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీట్‌ని అంచుకు అంచు సరిపోయేలా కోయించి, చుట్టూ సిలికాన్ పెట్టి అతికించాను. చలికాలంలో చూడముచ్చటగా ఉండేది. మే వచ్చేసరికి షీటు మధ్యలో ఉబ్బి బయటికి వచ్చింది. లోపల ఒక చీమ చచ్చి, సరిగ్గా బొమ్మ మధ్యలో కనిపించేది. తీద్దామంటే దారి లేదు. బ్లేడుతో సిలికాన్ కోస్తూ లాగితే షీటు మూల విరిగింది. ఆ తర్వాత చేసిన వాటిలో దేన్నీ అతికించలేదు.

ఇక్కడ చెప్పే కొలతలు 24 అంగుళాల మానిటర్‌తో నిలబడి ఆడే క్యాబినెట్‌వి. మీ మానిటర్ వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి అదే.

ఏ మానిటర్?

ముందు ఏ ఆటలు ఆడతారో తేల్చుకోండి. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్, 1981 నాటి గలాగా, డాంకీ కాంగ్ నిలువు తెర ఆటలు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2, మన వీడియో గేమ్ షాపుల్లో అందరూ "ముస్తఫా" అని పిలుచుకున్న క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అడ్డం తెరవి. మా ఇంట్లో ముస్తఫాకే ఓటు పడింది కాబట్టి మానిటర్ అడ్డంగానే పెట్టాను.

ఈ పాత ఆటల బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉంటుంది. 24 అంగుళాల వైడ్ మానిటర్‌లో వెలిగే భాగం సుమారు 531 × 299 మి.మీ. అందులో 4:3 బొమ్మ 399 × 299 మి.మీ. వస్తుంది. మూల నుంచి మూలకు కొలిస్తే 19.6 అంగుళాలు. అప్పటి మిషన్లలో ఎక్కువగా వాడిన 19 అంగుళాల పిక్చర్ ట్యూబుకు ఇది చాలా దగ్గర. అటూ ఇటూ 66 మి.మీ. చొప్పున నల్లగా ఖాళీ మిగులుతుంది, దాని సంగతి తర్వాత చూద్దాం. చిన్న క్యాబినెట్ చాలు అనుకుంటే ఆఫీసుల నుంచి బయటికొచ్చే పాత 19 అంగుళాల 5:4 మానిటర్ బాగుంటుంది. వెలిగే భాగం 376 × 301 మి.మీ., అందులో ఆట బొమ్మ 376 × 282 వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు.

కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకటి, వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు చతురస్రంగా ఉండాలి. వాటి మధ్య దూరం 75 లేదా 100 మి.మీ. ఉంటుంది. దీన్నే వెసా మౌంట్ అంటారు. ఇది లేని మానిటర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. రెండు, ప్యానెల్, అంటే లోపలి తెర, ఐపీఎస్ రకం అయితే మేలు. పాత టీఎన్ రకం ప్యానెల్‌ని కింది నుంచి చూస్తే రంగులు నల్లబడతాయి, నిలువుగా తిప్పితే ఒక కంటికి ఒకలా, ఇంకో కంటికి ఇంకోలా కనిపిస్తుంది. మూడోది చాలామంది మర్చిపోయేది. మానిటర్ వెలుగుతుండగానే ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టి చూడండి. తనంతట తాను వెలిగితే మంచిది. వెలగకుండా బటన్ నొక్కాల్సి వస్తే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మీరు క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టాల్సిందే. షాపులోనే ఈ పరీక్ష చేయించండి.

పాత ట్యూబు టీవీ పెడదామన్న ఆశ కొందరికి ఉంటుంది. బొమ్మ నిజంగానే అందంగా ఉంటుంది. కానీ ట్యూబు మీద ఇరవై వేల వోల్టులకు పైన ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కొంత ఛార్జి లోపలే నిలుస్తుంది. ట్యూబు పని తెలిసిన మెకానిక్ పక్కన లేకుండా దాని డబ్బా విప్పకండి.

వాలు ఎంత ఉండాలి?

ఇంట్లో ట్యూబులైటు ఎక్కడుందో చూడకుండా వాలు నిర్ణయిస్తే ఆట మొత్తం ఆ లైటే కనిపిస్తుంది. నేను ఇలా చేస్తాను. పక్క పలకలు రెంటినీ ముందు అట్టతో కోసి, గోడకు ఆనించి నిలబెడతాను. తెర రావాల్సిన చోట ఇంకో అట్ట వాలుగా టేపుతో అంటిస్తాను, పై అంచు వెనక్కి, కింది అంచు ముందుకు. దాని మధ్యలో షేవింగ్ అద్దం లాంటి చిన్న అద్దాన్ని పడుకోబెట్టి అంటించి, ఆడేవాళ్ళు నిలబడే చోట నిలబడి చూస్తాను. అద్దంలో నా గడ్డమో ఛాతీయో కనిపిస్తే వాలు కుదిరినట్టు. ట్యూబులైటు కనిపిస్తే వాలు ఎక్కువైనట్టు, కొంచెం నిటారుగా లేపాలి. మీరు బిగించబోయే అద్దం కూడా అచ్చంగా అదే చూపిస్తుంది కాబట్టి ఈ పరీక్ష తప్పదు. నాకు మామూలుగా నిటారు నుంచి 20, 25 డిగ్రీల వాలు సరిపోతుంది. పిల్లల్ని కూడా అక్కడ నిలబెట్టి చూడండి, వాళ్ళ ఎత్తుకు వేరేగా కనిపిస్తుంది.

ముందు అద్దం, తర్వాత మానిటర్

చాలామంది మానిటర్ బిగించేసి, దాని మీదికి అద్దం ఎలా తేవాలా అని ఆలోచిస్తారు. నేను దాన్ని తిరగేస్తాను. అద్దం ఎక్కడ కూర్చుంటుందో ముందు ఖాయం చేసి, మానిటర్‌ని వెనక నుంచి దాని దగ్గరికి తెస్తాను. అద్దం రెండు పక్క పలకలకూ సమంగా ఉండాలి, మెలిక ఉండకూడదు. మానిటర్‌ని ఎటైనా జరుపుకోవచ్చు.

నా క్యాబినెట్ బయటి వెడల్పు 610 మి.మీ., అంటే రెండడుగులు. 18 మి.మీ. ప్లైవుడ్ పలకలు పోతే లోపల 574 మి.మీ. మిగులుతుంది. పక్క పలకల లోపలి వైపు, మనం నిర్ణయించిన వాలులో పెన్సిల్ గీత గీయండి. రెండో పలక మీద విడిగా కొలిచి గీయొద్దు. మొదటి పలకని దాని మీద పెట్టి, రెండు చివర్లా గుర్తు దించుకోండి. ఆ గీత వెంట 12 × 12 మి.మీ. చెక్క రీపర్ స్క్రూలతో బిగించండి. ఇక్కడ ఫెవికాల్ వాడొద్దు. రెండు పక్కలా బిగించాక రీపర్ల మధ్య 550 మి.మీ. ఉంటుంది. సన్నంచు 24 అంగుళాల మానిటర్ ఒళ్ళు సుమారు 540 ఉంటుంది కాబట్టి అది రీపర్ల మధ్యకు దూరి, అద్దం దాకా ముందుకు రాగలదు. మీది అంతకంటే వెడల్పుదైతే క్యాబినెట్ వెడల్పు పెంచండి. అందుకే మానిటర్ ముందు కొనమన్నది.

మెలిక ఉందో లేదో చూడటానికి రెండు దారాలు చాలు. నాలుగు మూలల్లో చిన్న మేకులు కొట్టి, ఎదురెదురు మూలలకు దారాలు కట్టండి. మధ్యలో రెండు దారాలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. వాటి మధ్య ఖాళీ ఉంటే, లేదా ఒకటి ఇంకోదాన్ని నెడుతుంటే ఏదో ఒక రీపర్ ముందుకో వెనక్కో ఉన్నట్టు. దాన్ని ఇప్పుడే సరిచేయండి. మెలిక ఉన్న చోట గాజు బిగిస్తే, స్క్రూ తిప్పుతుండగానే మూల దగ్గర పగిలే ప్రమాదం ఉంది.

గాజా, అక్రిలికా?

మామూలు కిటికీ గాజు మాత్రం వద్దు. పిల్లలు గుద్దే చోట అది పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. గాజు వేస్తే టఫెన్డ్ గ్లాసే (వేడి చేసి గట్టిపరిచిన గాజు) వేయండి, 4 మి.మీ. మందం చాలు. పగిలినా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. గీతలు అంత తేలిగ్గా పడవు, ఏ గుడ్డతో తుడిచినా చెడదు. ఒక్కటే చిక్కు. టఫెన్ చేశాక దాన్ని కోయలేం, రంధ్రం పెట్టలేం. కొలత ఒక్క మి.మీ. ఎక్కువైనా కొత్తది చేయించుకోవాల్సిందే. నా క్యాబినెట్‌కు 570 × 416 మి.మీ. గాజు పట్టింది. లోపలి వెడల్పు 574 కాబట్టి పక్కకు 2 మి.మీ. చొప్పున వదిలాను. బరువు సుమారు రెండున్నర కిలోలు. అంచులు పాలిష్ చేయించమని చెప్పడం మర్చిపోకండి.

అక్రిలిక్ అయితే 3 మి.మీ. షీటు చాలు, ఇదే కొలతకు బరువు సుమారు 850 గ్రాములే ఉంటుంది. సైన్‌బోర్డులు చేసే షాపుల్లో లేజర్‌తో కోసిస్తారు. కాస్ట్ అక్రిలిక్ (అచ్చులో పోసి చేసిన రకం) అడగండి, అంచు నున్నగా వస్తుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న క్యాబినెట్‌కు, లేదా అద్దానికే రంధ్రాలు పెట్టి స్క్రూ వేయాల్సిన డిజైన్‌కు ఇదే సరైనది. కానీ ఇది ఎండకు సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకీ, మే మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా ఉంటే 570 మి.మీ. షీటు దాదాపు 1 మి.మీ. పెరుగుతుంది. నా మొదటి షీటు ఉబ్బింది అందుకే. చుట్టూ 2 మి.మీ. వదిలితే ఆ బాధ ఉండదు. స్క్రూ రంధ్రాలు కూడా స్క్రూ కంటే 2 మి.మీ. పెద్దవిగా ఉండాలి.

లేత నలుపు రంగు స్మోక్ షీటు వేయాలా అని అడుగుతుంటారు. పాత మిషన్లలో అది ఉండేది, ఎందుకంటే ఆపినప్పుడు ట్యూబు బూడిద రంగులో కనిపించేది. ఎల్‌సీడీకి ఆ అవసరం లేదు, పైగా బొమ్మ వెలుగు తగ్గిపోతుంది. తెల్లటి పారదర్శక అద్దమే వేయండి. తెర ముందు పెట్టే పొరతో పాత మిషన్లలో ఎన్ని పనులు చేయించేవారో తలుచుకుంటే ముచ్చటేస్తుంది. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ తెర నలుపు తెలుపుదే. దాని మీద రంగు ప్లాస్టిక్ పట్టీలు అంటించి రంగుల బొమ్మలా చూపించేవారు.

మానిటర్‌ని మోసే అడ్డ పలక

మానిటర్ వెనక అడ్డంగా 574 మి.మీ. పొడవు, 150 మి.మీ. వెడల్పున్న 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క వస్తుంది. బరువంతా దీని మీదే పడుతుంది. పక్క పలకలకు 25 మి.మీ. మందం రీపర్లు బిగించి, వాటికి ఈ ముక్కను బోల్టు వేస్తాం.

రంధ్రాల గుర్తు తీసుకోవడానికి స్కేలు కంటే కాగితం మేలు. మానిటర్‌ని మెత్తటి దుప్పటి మీద తెర కిందికి పెట్టి పడుకోబెట్టండి. వెనక తెల్ల కాగితం పరిచి టేపు వేసి, పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దండి. నాణెం మీద కాగితం పెట్టి రుద్దినప్పుడు వచ్చినట్టే నాలుగు రంధ్రాలూ అచ్చు పడతాయి. ఆ కాగితం మీదే మానిటర్ అంచుల గీతలు కూడా గీసుకోండి. ఎందుకంటే వెసా రంధ్రాలు బొమ్మకు సరిగ్గా మధ్యలో ఉంటాయన్న నమ్మకం లేదు, చాలా వాటిలో కిందికో పైకో ఉంటాయి. ఇది వెనక నుంచి తీసిన అచ్చు. ముందు నుంచి చూస్తే కుడి ఎడమలు మారతాయన్నది గుర్తుంచుకోండి.

పలకకు 7 మి.మీ. రంధ్రాలు పెట్టండి. స్క్రూ ఎమ్4, అంటే 4 మి.మీ.దే, కానీ రంధ్రం పెద్దగా ఉంటే మానిటర్‌ని అటూ ఇటూ కాస్త జరుపుకోవచ్చు. పెద్ద వాషర్ తప్పకుండా వేయండి. ఆ రీపర్లను పక్క పలకలకు బిగించే రంధ్రాల్ని మాత్రం గుండ్రంగా కాకుండా పొడుగ్గా కోయండి, మానిటర్‌ని ముందుకూ వెనక్కూ తెచ్చుకోవడానికి.

స్క్రూ పొడవు దగ్గర జాగ్రత్త. ఒక చీపురుపుల్లను వెసా రంధ్రంలో అడుగు తగిలేదాకా దించి, అంచు దగ్గర గోటితో పట్టుకుని బయటికి తీసి కొలవండి. 8, 10 మి.మీ. వస్తుంది. పలక 18, వాషర్ 1, మొత్తం 19. స్క్రూ 25 మి.మీ.ది తీసుకుంటే లోపలికి 6 మి.మీ. వెళ్తుంది, సరిపోతుంది. 30 మి.మీ.ది వేస్తే 11 మి.మీ. వెళ్ళి ప్యానెల్‌నే పొడవొచ్చు. 12 మి.మీ. పలకైతే 20 మి.మీ. స్క్రూ సరైనది. స్క్రూ బిగుసుకోగానే ఆపేయండి, అవి ప్లాస్టిక్‌లో కూర్చున్న ఇత్తడి మరలు.

బిగించే ముందు మానిటర్ మెనూలో చేయాల్సినవన్నీ చేసేయండి. వెలుగు సరిచూసుకోండి, ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐకి ఖాయం చేయండి, తనంతట తాను ఆగిపోయే టైమర్ తీసేయండి. తర్వాత ఆ బటన్లు చేతికి అందవు. కేబుల్ కూడా ఇప్పుడే పెట్టండి.

ఇప్పుడు ఒకరు ముందు నిలబడి చూస్తుంటే మీరు వెనక నుంచి జరపండి. తెర మీద గళ్ళ బొమ్మ పెట్టుకుంటే పని సులువు. నేను రెండు రీపర్ల మీదా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో ఒకే ఎత్తులో గుర్తులు పెడతాను. గళ్ళ అడ్డగీత రెండు గుర్తులకూ కలిసేదాకా జరిపి, అప్పుడు బిగిస్తాను. క్యాబినెట్ నేల మీద వాలి ఉంటే రసమట్టం మోసం చేస్తుంది, ఈ గుర్తులు చేయవు.

మానిటర్ అంచుకు, అద్దం వచ్చే తలానికి మధ్య 3 నుంచి 5 మి.మీ. వదలండి. అంతకన్నా దగ్గరైతే ఎవరైనా అద్దం మీద చెయ్యి వేసినప్పుడు తెర నొక్కుకుంటుంది. మరీ దూరమైతే పక్క నుంచి చూసినప్పుడు బొమ్మ అంచు దాక్కుంటుంది.

నల్ల అట్ట

మానిటర్ చుట్టూ కనిపించే చెక్క, స్క్రూలు, వైర్లు కనబడకుండా దాచేది ఈ అట్టే. స్టేషనరీ షాపుల్లో నల్ల మౌంట్ బోర్డు దొరుకుతుంది. అద్దం కొలతకే కోయండి, మధ్యలో కిటికీ తీయండి. కిటికీ కొలత వెలిగే భాగానికి సరిగ్గా సమానంగా తీయకండి. అట్ట తెరకు 5 మి.మీ. ముందున్నప్పుడు, 30 డిగ్రీల పక్కనుంచి చూసేవాళ్ళకు దాదాపు 3 మి.మీ. బొమ్మ కనబడకుండా పోతుంది. పక్కన నిలబడ్డ రెండో ప్లేయర్‌కు స్కోరు సగం కనిపిస్తుంది. అందుకే నాలుగు వైపులా 3 మి.మీ. ఎక్కువ తీయండి. మానిటర్ అంచు మెరిసేదైతే దాని మీద మెరుపు లేని నల్ల టేపు అంటిస్తే సరి.

ఆ 66 మి.మీ. నల్ల ఖాళీల సంగతి. పాత ఆటలు మాత్రమే ఆడతాం అనుకుంటే కిటికీని 405 × 305 మి.మీ.కి తీసి వాటిని మూసేయొచ్చు. అప్పుడది అచ్చం పాత మిషన్‌లా ఉంటుంది, నాకు అదే ఇష్టం. కొత్త ఆటలు కూడా ఆడే ఇంట్లో 537 × 305 తీయండి. రెండు అట్టలూ చేసి పెట్టుకుని మార్చుకున్నా పోయేదేం లేదు, ఊడదీయడానికి నాలుగు స్క్రూలే కదా.

కొందరు అక్రిలిక్ వెనక వైపు కిటికీ మేర మాస్కింగ్ టేపు వేసి, మిగతా అంతా నల్ల స్ప్రే కొడతారు. అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. కానీ మానిటర్ మారిన రోజు ఆ షీటు పనికిరాదు. అట్ట అయితే కొత్తది కోసుకుంటాం.

మూసేయడం

ఈ పని రాత్రి పూట, ఫ్యాన్ ఆపి చేయండి. కాసేపు ముందు గది నేలను తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము అణుగుతుంది. మానిటర్ అంచు చుట్టూ మెత్తటి ఫోమ్ టేపు అంటించండి, అట్టకు ఆనీ ఆననట్టు ఉండాలి. దుమ్ము, చీమలు లోపలికి రాకుండా ఆపేది ఇదే. రీపర్ల ముందు వైపు కూడా సన్నటి ఫోమ్ టేపు వేసి, దాని మీద అట్ట పెట్టండి. తర్వాత తెరను మైక్రోఫైబర్ గుడ్డతో పొడిగా ఒకే దిక్కుకు తుడవండి.

అక్రిలిక్ అయితే లోపలి వైపు ఫిల్మ్ మాత్రమే ఇప్పుడు తీయండి. సర్రుమని లాగితే షీటుకు స్టాటిక్ కరెంటు పట్టి, గదిలోని నూగంతా వచ్చి అంటుకుంటుంది. ఒక మూల నుంచి మెల్లగా తీసి, వెంటనే సబ్బునీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిట్, గాజు తుడిచే అమ్మోనియా ద్రావణాలు దీని మీద వాడొద్దు, సన్నటి పగుళ్ళు వస్తాయి. టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే మిగిలిన నూగు కనిపిస్తుంది. తృప్తి కలిగేదాకా తుడవండి, ఇక్కడ పెట్టే పది నిమిషాలు తర్వాత రోజూ కనిపిస్తాయి.

గాజయితే కింద రెండు చోట్ల రబ్బరు ముక్కలు వేసి, వాటి మీద నిలబెట్టండి. మూల దేనికీ తగలనీయకండి, టఫెన్డ్ గ్లాసుకు అంచులూ మూలలే బలహీనం. కింది అంచును కంట్రోల్ ప్యానెల్ (బటన్లుండే పలక) అంచు పట్టుకుంటుంది. పై అంచుకు, స్పీకర్ పలక కింద, నల్ల రంగు వేసిన చెక్క బీడింగ్ నాలుగు స్క్రూలతో వస్తుంది. ఆ నాలుగు స్క్రూలు విప్పి, పైకి కాస్త లేపితే అద్దం చేతికి రావాలి. ఒకసారి ఊడదీసి, మళ్ళీ పెట్టి చూడండి. ఇప్పుడు రాకపోతే రెండేళ్ళ తర్వాత అసలు రాదు.

ముందు వైపు అంతా మూసేశాం కాబట్టి వేడి వెనక నుంచి పోవాలి. వెనక తలుపుకు కింద కొన్ని, పైన కొన్ని గాలి సందులు పెట్టి, పైన 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి బయటికి ఊదేలా బిగించండి. కింది సందులకు దోమతెర ముక్క అంటిస్తే దుమ్ము తగ్గుతుంది. మానిటర్ అడాప్టర్‌ని లోపల వేలాడనీయకుండా పక్క పలకకు పట్టీతో కట్టండి. మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ ఉన్న సాకెట్ తప్పనిసరి.

చివరగా ఒక చీటీ రాయండి. అద్దం కొలత, మందం, అట్ట కిటికీ కొలత, వెసా స్క్రూ పొడవు, మానిటర్ మోడల్. దాన్నీ, మిగిలిన నాలుగు స్క్రూలున్న చిన్న ప్లాస్టిక్ కవర్నీ వెనక తలుపు లోపలి వైపు టేపుతో అంటించండి. అక్రిలిక్ బయటి ఫిల్మ్ ఇప్పుడు తీసి, ఆట పెట్టండి.